విరిగిన పాదం, విడివడిన నాలుక: బిల్ వాల్టన్ కథ

బిల్ వాల్టన్ ఆత్మకథ 'బ్యాక్ ఫ్రమ్ ద డెడ్' (2016) బాస్కెట్‌బాల్ కోర్టులో మొదలవదు. ఇంట్లో గచ్చు మీద మొదలవుతుంది. ఆరడుగుల పదకొండు అంగుళాల మనిషి, ఒకనాడు అమెరికాలోకెల్లా గొప్ప ఆటగాడనిపించుకున్నవాడు, వెన్నెముక కూలిపోయి లేవలేని స్థితిలో ఉన్నాడు. తిండి కూడా నేలమీద పడుకునే తింటున్నాడు. ఈ బతుకు ఇక చాలించుకుందామా అని ఆలోచిస్తున్నాడు. క్రీడాకారుల ఆత్మకథల్లో నొప్పి ప్రస్తావన ఉంటుంది కానీ, అది విజయానికి ముందు దాటవలసిన గడపగా మాత్రమే ఉంటుంది. ఈ పుస్తకంలో నొప్పే కథానాయకుడు. విజయాలు అప్పుడప్పుడు వచ్చి పలకరించిపోయే చుట్టాలు.

ఈ పుస్తకాన్ని ఒంటరిగా చదవకూడదని నా అభిప్రాయం. దీని పక్కన డేవిడ్ హాల్బర్‌స్టమ్ 1981లో ప్రచురించిన 'ద బ్రేక్స్ ఆఫ్ ద గేమ్'ను కూడా పెట్టుకోవాలి. వియత్నాం యుద్ధాన్ని ప్రత్యక్షంగా చూసి రాసి పులిట్జర్ బహుమతి పొందిన విలేఖరి హాల్బర్‌స్టమ్. ఆ యుద్ధంలోకి అమెరికాను నడిపించిన మేధావుల గురించి పెద్ద గ్రంథం రాసినవాడు. అటువంటివాడు 1979–80లో ఒక ఏడాది పాటు పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్ జట్టు వెంట తిరిగాడు. అప్పటికే వాల్టన్ ఆ జట్టును వదిలి వెళ్ళిపోయాడు. అయినా పుస్తకమంతటా అతనే కనిపిస్తాడు, ఇంటిపెద్ద కోపగించుకుని వెళ్ళిపోయిన ఇంట్లో ఆ ఖాళీ కుర్చీ కనిపించినట్లు. హాల్బర్‌స్టమ్ పుస్తకం సంస్థ వైపు నుంచి చెప్పిన కథ, వాల్టన్‌ది శరీరం వైపు నుంచి చెప్పినది. రెండూ కలిస్తే గాని 1978 వసంతంలో ఏం జరిగిందో అర్థం కాదు.

వాల్టన్ 1952 నవంబరు 5న కాలిఫోర్నియాలో శాన్ డియేగో పక్కనున్న లా మేసాలో పుట్టాడు. తల్లి గ్రంథాలయాధికారి. తండ్రి సంఘసేవా శాఖలో ఉద్యోగి, సంగీతం నేర్పేవాడు కూడా. ఇంట్లో టెలివిజన్ లేదు, పుస్తకాలున్నాయి. పిల్లవాడికి నత్తి. 'థాంక్యూ' అన్న చిన్న మాట కూడా గొంతులో ఇరుక్కుపోయేది. రాత్రిళ్ళు ట్రాన్సిస్టర్ రేడియోలో లాస్ ఏంజెలెస్ లేకర్స్ వ్యాఖ్యాత చిక్ హెర్న్ గొంతు వినేవాడు. తాను పలకలేని వేగంతో, తడబాటు లేకుండా దొర్లిపోయే ఆ మాటల ప్రవాహమే అతనికి బాస్కెట్‌బాల్‌తో తొలి పరిచయం. ఆట కన్నా ముందు వ్యాఖ్యానం వచ్చిందన్నమాట. ఈ వివరాన్ని అతను ఒక్క పేరాలో చెప్పినా, పుస్తకం పూర్తయ్యాక వెనక్కి తిరిగి చూస్తే జీవితమంతా ఆ పేరాలోనే ఉందనిపిస్తుంది.

నోటితో చేయలేనిది చేతులతో చేశాడు. పద్నాలుగో ఏటనే మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. అయినా యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో చేరేనాటికి దేశమంతా ఎదురుచూసే సెంటర్ అతను. అక్కడి శిక్షకుడు జాన్ వుడెన్ మేజోళ్ళు ముడతలు లేకుండా ఎలా తొడుక్కోవాలో, బూట్ల తాళ్ళు ఎలా కట్టుకోవాలో మొదటిరోజే నేర్పే ఛాందసుడు. శిష్యుడు చూస్తే పొడుగు జుట్టు, శాకాహారం, గ్రేట్‌ఫుల్ డెడ్ సంగీతం, యుద్ధ వ్యతిరేకత. 1972లో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన నిరసనలో అరెస్టయ్యాడు. జుట్టు కత్తిరించుకోనని వాదిస్తే, నీ అభిప్రాయాన్ని గౌరవిస్తాను, అయితే జట్టులో నువ్వు లేని లోటు మాకు తెలుస్తుంది అని వుడెన్ చల్లగా అన్న కథ ప్రసిద్ధం. వాల్టన్ వెంటనే సైకిలెక్కి మంగలి దగ్గరకు పరుగెత్తాడు. ఆ ఇద్దరి మధ్య గురుశిష్య సంబంధం వుడెన్ తొంభై తొమ్మిదేళ్ళ వయసులో 2010లో కన్నుమూసేదాకా సాగింది. ఆత్మకథలో మంచి పేజీలు చాలావరకు ఆయన గురించినవే.

ఆ రోజుల ఆట గురించి ఒక్క అంకె చాలు. 1973 జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మెంఫిస్ స్టేట్ మీద అతను 22 సార్లు బుట్టకేసి బంతి విసిరితే 21 సార్లు పడింది. మొత్తం 44 పాయింట్లు. యూసీఎల్‌ఏ వరసగా 88 ఆటలు గెలిచిన కాలమది. 1974 జనవరిలో ఒక ఆటలో గాలిలో ఉండగా ఎదుటి ఆటగాడు కింద తగలటంతో వెల్లకిలా పడి వెన్నెముకలో రెండు ఎముకలు విరిగాయి. అదే నెలలో, నడుముకు పట్టీ బిగించుకుని ఆడిన ఆటలో, నోటర్‌డేమ్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఆ 88 ఆటల పరంపర తెగింది. ముప్పై అయిదేళ్ళ తరవాత తనను గచ్చు మీద పడవేసిన వెన్నునొప్పికి విత్తనం ఆ రోజే పడిందని వాల్టన్ నమ్మకం.

1974లో పోర్ట్‌లాండ్ అతణ్ణి దేశంలో మొట్టమొదటి ఎంపికగా తీసుకుంది. తొలి రెండేళ్ళూ గాయాలే. మొదటి ఏడు 82 ఆటల్లో 35 మాత్రమే ఆడాడు. మాంసం తినకపోవటం వల్లనే ఎముకలు విరుగుతున్నాయని ఊళ్ళో కొందరు తేల్చేశారు. తరతరాలుగా పప్పూ పెరుగూ తిని పెరిగిన ఇళ్ళనుంచి వచ్చిన మనబోటివాళ్ళకు అది చదివితే నవ్వొస్తుంది. 1976–77లో జాక్ రామ్సే శిక్షకుడిగా వచ్చాడు, మారిస్ లూకస్ తోడయ్యాడు. అంతకుముందు ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ గడప తొక్కని జట్టు ఏకంగా కప్పు గెలిచింది. ఫైనల్లో ఫిలడెల్ఫియా చేతిలో మొదటి రెండు ఆటలూ ఓడి, తరవాత నాలుగూ గెలిచింది. చివరి ఆటలో వాల్టన్ 20 పాయింట్లు, 23 రీబౌండ్లు, 7 పాస్‌లు, 8 బ్లాకులు. పాయింట్లు ఎక్కువ వేసేవాళ్ళు ఎందరో ఉన్నారు. సెంటర్ స్థానంలో నిలబడి మిగిలిన నలుగురి ఆటనూ మెరుగుపరిచిన వాళ్ళు తక్కువ. రీబౌండ్ అందుకుని నేల మీదికి దిగేలోపే గాలిలోనే తిరిగి సగం కోర్టు అవతలికి బంతి విసిరేవాడు. పాత వీడియోలు దొరికితే అది ఒక్కటి చూడండి.

మరుసటి ఏడు జట్టు మొదటి 60 ఆటల్లో 50 గెలిచింది. 1978 ఫిబ్రవరి చివర్లో వాల్టన్ పాదానికి దెబ్బ తగిలింది. ఆ సీజన్‌లో 58 ఆటలే ఆడినా అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అతనికే వచ్చింది. ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్ వచ్చాయి, ప్రత్యర్థి సియాటిల్. వాల్టన్ నడుస్తున్నాడు కానీ నొప్పి తగ్గలేదు. నొప్పి మందులంటే అనుమానం ఉన్నవాడే, చివరకు ఎడమ పాదానికి మొద్దుబార్చే ఇంజెక్షన్ వేయించుకుని ఆడాడు. ఎక్కువసేపు ఆడలేకపోయాడు. ఆ తరవాత తీసిన ఎక్స్‌రేలో నావిక్యులర్ ఎముక విరిగి కనిపించింది.

ఈ ఎముక గురించి కొంచెం చెప్పాలి. లాటిన్‌లో ఆ పేరుకు చిన్న పడవ అని అర్థం. పాదం లోపలివైపు వంపు ఉంటుంది కదా, ఆ వంతెనకు నడినెత్తిన ఉండే రాయి ఇది. వెనక నుంచి చీలమండ ఎముక, ముందు నుంచి మూడు చిన్న ఎముకలు దీన్ని రెండు దవడల మధ్య పోకచెక్కలా నొక్కుతుంటాయి. దుమికి దిగిన ప్రతిసారీ దెబ్బ దీని నడిమి భాగం మీద పడుతుంది. ఆ నడిమి భాగానికే రక్త ప్రసరణ తక్కువ. నరాలు, రక్తనాళాలు రెండు పక్కల నుంచీ వస్తాయి గాని మధ్యకు చేరేసరికి పలచబడిపోతాయి. అందుకని అక్కడ సన్నని పగులు మొదలైతే అతికేందుకు చాలాకాలం పడుతుంది. మామూలు ఎక్స్‌రేలో తొలిదశలో చాలాసార్లు కనిపించదు. వాల్టన్‌వి పుట్టుకతోనే వంపు ఎక్కువున్న పాదాలు, పైగా ఆ పొడుగు, ఆ బరువు. ఈ రోజుల్లో అనుమానం రాగానే ఎమ్మారై, సీటీ తీస్తాం. వారాల తరబడి ఆ కాలు నేల మీద మోపనివ్వం, అవసరమైతే స్క్రూలు వేస్తాం. అన్నీ చేసినా యావో మింగ్ ఆట ఈ ఎముకతోనే ముగింపుకొచ్చింది. జోయెల్ ఎంబీడ్ కెరీర్ మొదట్లోనే రెండేళ్ళు పూర్తిగా పోగొట్టుకున్నాడు.

1978లో ఆ పరికరాలు లేవు, కనుక రోగనిర్ణయంలో ఆలస్యాన్ని నేను తప్పుపట్టలేను. నాకు మింగుడుపడనిది ఇంజెక్షన్. వేలూరులో కుష్ఠురోగుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన పాల్ బ్రాండ్ గురించి మనలో చాలామంది చదువుకున్నాం. వేళ్ళు రాలిపోవటానికి కారణం రోగక్రిమి నేరుగా తినేయటం కాదని, స్పర్శ పోయిన చేతులను, కాళ్ళను మనిషి కాపాడుకోలేకపోవటమేనని ఆయన చూపించాడు. నొప్పి లేని పాదానికి ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా ఆగాలని తెలియదు. ఆరోగ్యవంతుడైన పాతికేళ్ళ కుర్రవాడి పాదానికి ఒక సాయంత్రం పాటు ఆ స్థితిని మనంతట మనం కల్పించి, వెళ్ళి దూకమని పంపటం ఎటువంటి చికిత్స? కారణం తెలిసిన నొప్పిని చల్లార్చటం వేరు, కారణం తెలియని నొప్పి నోరు నొక్కటం వేరు.

అయితే హాల్బర్‌స్టమ్ ఇక్కడ ఒక మెట్టు లోతుకు దిగుతాడు, అందుకే అతని పుస్తకం గొప్పది. అతను దుర్మార్గుణ్ణి వెతకడు. జట్టు డాక్టరుకు జట్టంటే ప్రేమ, శిక్షకుడికి గెలుపు మీద గౌరవం, యజమానికి పెట్టుబడి, ఊరికి ఉత్సాహం, తోటి ఆటగాళ్ళకు తమ కెరీర్లలో మిగిలిన కొద్ది ఏళ్ళు. వాల్టన్‌కైతే ఆడకపోతే తాను ఎవరో తనకే తెలియని భయం. అందరూ మంచివాళ్ళే కూడి ఒక పాదాన్ని విరగ్గొట్టారు. రోగికి డాక్టరు, డాక్టరుకు జీతమిచ్చే యజమాని, ఆ యజమానికి ఆస్తి అయిన రోగి: ఈ ముక్కోణంలో అంగీకారం అన్న మాటకు అర్థం ఏమిటో నేటికీ క్రీడావైద్యంలో తేలలేదు. రోగి ఒప్పుకున్నాడు కదా అనటం సులువు. ఎనభై రెండు ఆటల సీజన్‌కు చివర, ఇరవై వేల కళ్ళ ముందు, ఎవరు ఒప్పుకోరు?

వాల్టన్ ఆ వేసవిలో జట్టు వైద్య విధానాన్ని బాహాటంగా విమర్శించి, తనను వేరే జట్టుకు పంపమన్నాడు. 1978–79 అంతా ఆడలేదు. తరవాత వైద్యుల మీద దావా వేశాడు, అది కోర్టు బయట పరిష్కారమైంది. 1979లో సొంత ఊరి జట్టు శాన్ డియేగో క్లిప్పర్స్‌లో చేరాడు. ఆ పాదం మళ్ళీ మళ్ళీ విరిగింది. మొదటి ఏడు 14 ఆటలు, ఆపైన రెండేళ్ళు ఒక్కటీ లేదు. పాదం వంపును తగ్గించి దాన్ని కొత్తగా మలిచే శస్త్రచికిత్స 1981లో చేయించుకున్నాడు. ఆ ఖాళీలో స్టాన్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివాడు, వారానికి ఒక ఆట చొప్పున ఆడుతూ తిరిగి మొదలుపెట్టాడు. సొంత ఊళ్ళో జట్టును నిలబెట్టలేకపోవటం తన జీవితంలోకెల్లా పెద్ద వైఫల్యమని చెప్పుకునేవాడు. 1984లో క్లిప్పర్స్ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది.

ఈ చీకటి ఏళ్ళలోనే, ఇరవై ఎనిమిదో ఏట, ఒక సభలో మార్టీ గ్లిక్‌మన్ కలిశాడు. గ్లిక్‌మన్ పేరు మన పాఠకులకు కొత్త కావచ్చు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమెరికా రిలే జట్టులో పరుగెత్తవలసిన యూదు యువకుడు. పందెం రోజు ఉదయం అతణ్ణీ, జట్టులోని మరో యూదునీ పక్కన పెట్టేశారు. పరుగెత్తే అవకాశం పోయినవాడు తరవాత న్యూయార్క్‌లో ఆటల వ్యాఖ్యానానికి ఆద్యుల్లో ఒకడయ్యాడు. ఆయన వాల్టన్‌తో చెప్పిన సంగతి చాలా మామూలుది: మాట్లాడటం ఒక నైపుణ్యం, నువ్వు బంతి వేయటం ఎలా నేర్చుకున్నావో దీన్నీ అలాగే నేర్చుకో. పలకలేని శబ్దాలేవో గుర్తించు, వాటిని విడిగా సాధన చెయ్యి, పుస్తకం పైకి చదువు, దవడ కండరాలకు చూయింగ్ గమ్ నములు, అద్దం ముందు నిలబడు, నీ ఆలోచన కన్నా నీ నాలుకను ముందు పరుగెత్తనివ్వకు, చిన్నపిల్లలకు ఆట నేర్పుతూ మాట్లాడు.

నత్తికి మనవైపు సంగీతం నేర్పించటం, వసకొమ్ము నాకించటం దాకా ఎన్నో ఉపాయాలు విన్నాం. ఈ సలహాల్లో ఏది ఎంత పనిచేసిందో విడదీయటం కష్టం, ఇవే అందరికీ పనిచేస్తాయనీ అనను. నత్తికి కారణాలు మెదడులో లోతుగా ఉంటాయి, అది బద్ధకం కాదు, పిరికితనం కాదు. కానీ సలహా అడిగింది ఎవరో చూడండి. మేజోళ్ళు తొడగటం నుంచి మొదలుపెట్టిన వుడెన్ శిష్యుడు. ప్రతి పనినీ చిన్న ముక్కలుగా విడగొట్టి వేలసార్లు చేయటం అతనికి పరాయి భాష కాదు. తన జీవితంలో సాధించినవాటిలో మాట్లాడటం నేర్చుకోవటమే అన్నింటికన్నా పెద్దదని అతను ఎప్పుడూ చెప్పేవాడు. తన చుట్టూ ఉన్నవాళ్ళకు అదే అన్నింటికన్నా పెద్ద పీడకల అని వెంటనే ఛలోక్తి కూడా తగిలించేవాడు.

బోస్టన్ ముచ్చట త్వరగా ముగిస్తాను, అది సుఖాంతం కనుక. 1985లో తనంతట తానే సెల్టిక్స్‌కు ఫోన్ చేసి చోటడిగాడు. ఆ పాదాల ఎక్స్‌రేలు చూసి డాక్టర్లు తలలు పట్టుకుంటుంటే, జట్టు పెద్ద రెడ్ అవర్‌బాక్ లోపలికొచ్చి ఆడగలవా అని నేరుగా అతణ్ణే అడిగాడట. లారీ బర్డ్, కెవిన్ మెక్‌హేల్, రాబర్ట్ పారిష్ ఉన్న జట్టులో బెంచి మీద నుంచి వచ్చే సహాయకుడిగా ఆ ఏడు 80 ఆటలు ఆడాడు. జీవితంలో ఏ ఏడూ అన్ని ఆడలేదు. కప్పూ వచ్చింది, ఉత్తమ సిక్స్త్ మ్యాన్ పురస్కారమూ వచ్చింది. ఆ ప్లేఆఫ్స్‌లోనే 1986 ఏప్రిల్ 20న బోస్టన్ మీద మైకేల్ జోర్డన్ 63 పాయింట్లు వేశాడు. జోర్డన్ కూడా ఆ ఏడు నావిక్యులర్ విరిగి 64 ఆటలు దూరంగా ఉండి వచ్చినవాడే. ఒకే ఎముక విరిగిన ఇద్దరు ఎదురెదురుగా ఆడిన ఆట అది. ఒకరికి మళ్ళీ అతికింది, ఒకరికి సరిగా అతకలేదు. మన వృత్తిలో అదృష్టం అన్న మాటను పైకి అనం గాని, ప్రతిరోజూ దాన్ని చూస్తూనే ఉంటాం.

మరుసటి ఏడు పది ఆటలతో అతని ఆట ముగిసింది. అన్ని సీజన్లూ కలిపి 468 ఆటలు. చీలమండలు కదలకుండా ఎముకలను అతికించవలసి వచ్చింది. కాళ్ళు ఆగిపోయిన చోట 1990లో నాలుక మొదలైంది.

మొదట కళాశాల ఆటలు, తరవాత ఎన్‌బీసీ, ఏబీసీ, ఈఎస్‌పీఎన్. ఎన్‌బీసీలో స్టీవ్ జోన్స్‌తో అతని వాగ్వాదాలు ఆట కన్నా ఆసక్తిగా ఉండేవి. జోన్స్ ఒకప్పుడు పోర్ట్‌లాండ్‌లో అతని సహచరుడే. వాల్టన్ నోట మామూలు పాస్ మానవ నాగరికతలో ఒక ఘట్టమైపోయేది. ఆడేవాళ్ళు తప్పు చేస్తే దేశానికే ద్రోహం జరిగినట్టు వాపోయేవాడు. 2012 నుంచి పశ్చిమ తీర విశ్వవిద్యాలయాల పాక్–12 ఆటలకు డేవ్ పాష్ పక్కన కూర్చుని అగ్నిపర్వతాలు, రెడ్‌వుడ్ చెట్లు, గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీల గురించి మాట్లాడుతూ, మధ్యలో గుర్తొస్తే స్కోరు చెప్పేవాడు. వెలుగుతున్న కొవ్వొత్తితో సహా కప్‌కేక్‌ను నోట్లో పెట్టుకున్న సందర్భం కూడా ఉంది. ఆట చూడాలనుకునేవాళ్ళకు విసుగే. నేనూ కొన్నిసార్లు శబ్దం ఆపేసి చూశాను. కానీ ఇరవై ఎనిమిదేళ్ళు మూసుకుపోయిన గొంతు అది అని తెలిశాక, ఆ వాగుడును వేరే చెవితో వినవలసి వచ్చింది. ప్రతి వాక్యమూ ఆగకుండా పూర్తవుతోందన్న సంతోషం అందులో వినిపిస్తుంది.

ఈ ప్రవాహం మధ్యలో 2008 ప్రాంతంలో వెన్నెముక కూలింది. పుస్తకం మొదటి పేజీలోని గచ్చు అదే. 2009 ఫిబ్రవరిలో టైటానియం కడ్డీలు, బోల్టులు బిగించి వెన్నును నిలబెట్టారు. కోలుకోవటానికి ఇంకా చాలాకాలం పట్టింది. అప్పటికి అతని మీద జరిగిన ఎముకల శస్త్రచికిత్సలు నలభైకి దగ్గర. ఆ సంవత్సరమే వాల్టన్ పోర్ట్‌లాండ్‌కు వెళ్ళి, తాను వెళ్ళిపోయిన తీరుకు ఆ ఊరిని క్షమాపణ కోరాడు. ఇంకా మంచి మనిషిగా, మంచి ఆటగాడిగా ఉండవలసింది అన్నాడు.

ఆ క్షమాపణ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆత్మకథలో కూడా 1978 ఇంజెక్షన్ గురించి హాల్బర్‌స్టమ్ పెట్టినంత దీపం వాల్టన్ పెట్టడు, జారుకుని వుడెన్ దగ్గరికో, సంగీతం దగ్గరికో వెళ్ళిపోతాడు. పుస్తకంలో నాకు కనిపించిన లోపం అదే. విరిగిన పాదం ఎవరిదో వాళ్ళే తల వంచారు, సూది పట్టిన వృత్తి తరఫున ఎవరూ ఆ వేదిక ఎక్కలేదు. అది పెద్దమనసా, లేక దీర్ఘకాలం నొప్పితో బతికినవాళ్ళలో మనం తరచు చూసే, నావల్లే అందరికీ ఇబ్బంది అన్న అపరాధభావమా? 2023లో స్టీవ్ జేమ్స్ అతని మీద నాలుగు భాగాల డాక్యుమెంటరీ తీసి, దానికి 'ద లకియెస్ట్ గై ఇన్ ద వరల్డ్' అని పేరు పెట్టాడు. లోకంలో తనంత అదృష్టవంతుడు లేడని వాల్టన్ ఎప్పుడూ చెప్పుకునే మాటే అది. ఎదురుగా కూర్చున్న రోగి ఎలా ఉన్నారంటే బ్రహ్మాండంగా ఉన్నానని నవ్వితే, పాదం చూపించమని అడగటమే మన పని. జేమ్స్ ఆ పని కొంతవరకు చేశాడు.

2022లో యూసీఎల్‌ఏ పాక్–12ను వదిలి వేరే కూటమికి పోతానన్నప్పుడు, తన సొంత విశ్వవిద్యాలయమే అయినా వాల్టన్ బహిరంగంగా వ్యతిరేకించాడు. అంతా టెలివిజన్ డబ్బు కోసమే జరిగింది. ఆ టెలివిజన్‌లోనే అతను ఆ కూటమిని పన్నెండేళ్ళుగా ఛాంపియన్ల నిలయమని కీర్తిస్తూ వచ్చాడు. 1915లో మొదలైన ఆ కూటమి నుంచి పన్నెండింటిలో పది విశ్వవిద్యాలయాలు 2024 వేసవిలో వెళ్ళిపోయాయి. ఆ ఏడు మే 27న, కూటమి ఆఖరి పోటీలు ముగిసిన రోజుల్లోనే, పెద్దపేగు కేన్సర్‌తో వాల్టన్ చనిపోయాడు. వయసు 71. కేన్సర్ సంగతి బయటివాళ్ళకు చెప్పలేదు.